నాన్న చొక్కా తొడిగిన బొమ్మ

కృష్ణ మీద వంతెన దాటి, వాడపల్లి కూడా దాటాక ఒక స్టేజీ వస్తుంది. పేరుకే స్టేజీ. రెండు సిమెంటు బల్లలు, వాటి మీద ఎప్పటిదో కోచింగ్ సెంటర్ పోస్టరు. అక్కడ ఎవరూ చెయ్యెత్తకపోయినా నేను బెల్లు కొడతాను. బస్సు ఆగుతుంది. నేను దిగుతాను. కింద మట్టి మీద రెండు కాళ్ళూ ఆనించి, ఊపిరి రెండుసార్లు తీసుకునేంతసేపు నిలబడి, మళ్ళీ ఎక్కి రైట్ అంటాను.

మొదట్లో డ్రైవర్లు విసుక్కునేవాళ్ళు. "ఏందన్నా, దెయ్యాలకి కూడా టిక్కెట్లు కొడతన్నావా?" అన్నాడొకడు. నేను వాడి వంక చూసిన చూపుకి మళ్ళీ నోరెత్తలేదు. ఇప్పుడు కొత్త డ్రైవరు వస్తే పాతవాళ్ళే చెప్పి పంపిస్తారు. ఆ స్టేజీలో ఆపు, ఆయనతో పెట్టుకోకు, నోరు మంచిది కాదు అని.

నోరు మంచిది కాదన్నది నిజమే. నేను కండక్టర్ని. మాచర్లలో బయల్దేరి గురజాల, దాచేపల్లి మీదుగా వంతెన దాటి మిర్యాలగూడ దాకా పోయి రావడం నా పని. నా గొంతు వింటే నిద్రపోయేవాడు కూడా ఉలిక్కిపడి లేచి జేబులో చెయ్యి పెడతాడు. డిపోలో ఏ గొడవొచ్చినా, ఏ నినాదం కావాలన్నా నన్నే ముందుకు తోసేవాళ్ళు. ఆ గొంతే నా కొంప ముంచింది.

మా నాన్నది ఏటికి అవతల, ఆ స్టేజీ పక్కూరు. మీసాలు సరిగ్గా రాని వయసులో దాచేపల్లి వచ్చి సున్నపురాయి క్వారీలో డ్రిల్లింగు పనిలో చేరాడు. మా అమ్మది దాచేపల్లే. ఆమెను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. నలభై ఏళ్ళు ఈ రాయే కొట్టాడు, ఈ దుమ్మే మింగాడు. మాట మాత్రం మారలేదు. "గట్లనా", "ఏమైతది", "జెర ఆగు" అనేవాడు. అమ్మ ఆయన్ని అనుకరిస్తూ "జెర అన్నం తింటరా?" అంటే ముసిముసిగా నవ్వుకునేవాడు. వీధిలో అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవాళ్ళు. ఏదన్నా మాటా మాటా వస్తే మాత్రం ఆ బాబాయే ఒక్క క్షణంలో "అవతలొడ్డాయన" అయిపోయేవాడు. నేనది చిన్నప్పటినుంచీ విన్నాను. పట్టించుకోలేదు. నేను ఇవతలొడ్డునే పుట్టానుగా, నాకేంది?

అమ్మ పోయాక ఆయన నా దగ్గరే ఉన్నాడు. నేనూ, నా భార్యా, ఆయనా. క్వారీ పని మానేశాడు. పొద్దున్నే టీ కొట్టుకి పోయి పేపరు చదివి, ఎండెక్కేలోపు ఇంటికొచ్చేవాడు. ఏటి అవతల తమ్ముడింటికి పోవాల్సి వస్తే తెల్ల చొక్కా తొడుక్కునేవాడు. ఆ చొక్కా జేబు ఒకసారి మేకుకి తగిలి చిరిగితే, ఇంట్లో తెల్లదారం లేక అమ్మ ఆకుపచ్చ దారంతో కుట్టింది. కొత్తది కొనుక్కోమంటే వినేవాడు కాదు. "మీ అమ్మ కుట్టు గట్టిదిరా" అనేవాడు.

రాష్ట్రాన్ని రెండు చేస్తామని ఢిల్లీలో చెప్పిన రోజు మా ఊళ్ళో కొట్లన్నీ మూసేశారు. మర్నాటి నుంచి రోడ్డు మీద టెంట్లు, రిలే దీక్షలు, వంటా వార్పులు. తారు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అన్నాలు వండుకుని అక్కడే తిన్నాం. మేం సమ్మెలోకి దిగాం. బస్సులన్నీ డిపోలో పడుకున్నాయి. నాకు నిజంగానే భయంగా ఉండేది. రేపు డిపో ఏమవుతుందో, ఉద్యోగం ఏమవుతుందో, కాలవకి నీళ్ళొస్తాయో రావో. అందరికీ అదే భయం. భయాన్ని భయమని చెప్పుకోవడం చేతగాక అరిచేవాళ్ళం. అందరికంటే నేనెక్కువ అరిచేవాణ్ణి.

ఇంట్లో నాన్న టీవీ ముందు ఏం మాట్లాడకుండా కూర్చునేవాడు. ఆ మౌనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగేశాను.

"నువ్వు ఎటువైపు నాన్నా? చెప్పు, ఇవాళ తేలిపోవాలి."

"అడుగుతున్రు గదరా, ఇయ్యనీ" అన్నాడు ముద్ద కలుపుకుంటూ. "ఇడిపోతే ఏమైతది? ఏరు ఎండిపోతదా? వంతెన కూలిపోతదా?"

"అంటే మా పొట్టలు కొట్టినా పర్లేదా?"

"పొట్టలు కాదురా. సిన్మాల జోకరు ఉంటే మా మాట పెడ్తరు. రౌడీ ఉంటే మా మాట పెడ్తరు. మీరంతా నవ్వుతరు. నీ దోస్తులు నన్ను జూసి నవ్వలేదా? నువ్వు నవ్వలేదా? అటు దిక్కోళ్ళకి గది ఎప్పటినుంచో కడుపుల ఉన్నది. నాకూ ఉన్నది."

నాకు ఊహ తెలిశాక ఆయన అంత పొడుగు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నేను నవ్వాను నిజమే. అది గుర్తొచ్చేసరికి ఇంకా కోపమొచ్చింది.

"ఇన్నేళ్ళూ ఏ ఊరి అన్నం తిన్నావు నువ్వు?" అన్నాను.

నాన్న కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. సగం అన్నం అట్లాగే ఉంది. ఆ తర్వాత మా ఇంట్లో ఇద్దరు మగాళ్ళం పది రోజులు మాట్లాడుకోలేదు.

అప్పుడే టెంటులో శవయాత్ర అనుకున్నారు. ఒక ఢిల్లీ నాయకుడి దిష్టిబొమ్మని ఊరేగించి, సెంటర్లో తగలబెట్టాలని. మామూలుగా తగలబెడితే ఎవడు చూస్తాడు, పాడె కట్టి, డప్పులు పెట్టి, పేలాలు చల్లి, కుండ పట్టి అచ్చం శవం లేచినట్టే చేద్దాం అన్నారు. గడ్డితో బొమ్మ తయారైంది. దానికి తెల్ల చొక్కా, తెల్ల పంచె కావాలి. నాయకుడు కదా మరి. అక్కడున్న మాకందరికీ ఖాకీ చొక్కాలే. నేను తెస్తానని ఇంటికి పరిగెత్తాను. దండెం మీద నాన్న చొక్కా, పంచె ఆరుతున్నాయి. లాగేశాను.

"ఏమయ్యా, నీకు మతి ఉందా?" అంది నా భార్య వెనకే వచ్చి. "బతికున్న మనిషి బట్టలు అవి."

"పాతవేలేవే. కొత్తవి కొనిస్తాలే."

"నీకు దండం పెడతా, ఇంకేదన్నా తీసుకుపో."

వినలేదు. ఆ పది రోజుల కోపం నా చేతుల్లో ఉంది. ఈ మాట ఆమెతో కూడా ఎప్పుడూ చెప్పలేదు. తెలిసే లాగాను.

టెంటు దగ్గర కుండ ఎవరు పట్టాలన్న మాట వచ్చింది. అంతా నా వంకే చూశారు. ఏడుపు బాగా రక్తి కట్టాలంటే గొంతున్నవాడు కావాలిగా. మా వీధి పెదనాన్న ఒకాయన మాత్రం అడ్డం పడ్డాడు.

"ఒరేయ్, మీ నాన్న బతికున్నాడు కదరా. నువ్వు కుండ పట్టకూడదు. తండ్రి పోయినవాణ్ణి ఎవణ్ణన్నా చూడండి."

"గడ్డిబొమ్మకి పట్టింపులేంది పెదనాన్నా!" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

నెత్తిన బిందెడు నీళ్ళు పోశారు. తడి పంచెతో, చేతిలో నిప్పు కుండతో పాడె ముందు నడిచాను. వెనక డప్పులు, ఈలలు, పేలాలు. మేడల మీద నుంచి జనం ఫోన్లు పట్టుకుని చూస్తున్నారు. నేను గొంతెత్తి ఏడ్చాను. "ఓ నాన్నా! మమ్మల్ని ఒదిలేసి పోతన్నావా నాన్నా! ఇంక మాకు దిక్కెవరు నాన్నా!" నేనంటే వెనక వందమంది అందుకున్నారు. ఆడవాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. ఇంత బాగా ఏడవగలనని నాకే తెలియదు.

సెంటర్లో పాడె దించారు. నీళ్ళ కుండ భుజాన పెట్టుకుని చుట్టూ తిరుగుతుంటే, ప్రతి చుట్టుకీ ఒకడు కుండకి బొక్క పెట్టాడు. మూడో చుట్టు అయ్యాక కుండ పడేసి, కొరివి తీసుకుని వంగాను. బొమ్మ గుండె మీద జేబు ఉంది. జేబు అంచున ఆకుపచ్చ దారం.

చూశాను. చూసి కూడా పెట్టాను.

తల ఎత్తితే ఎదురుగా టీ కొట్టు. నాన్న నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు ఉంది. మంట ఎగిసింది. ఆ మంట మధ్యలోంచి ఆయన కనబడ్డాడు, తర్వాత కనబడలేదు. జనం నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. "అదరగొట్టావన్నా" అన్నారు.

ఇంటికొచ్చేసరికి నాన్న వాకిట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. తల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. బట్టల్తోనే స్నానం చేసినట్టున్నాడు.

"ఏంది నాన్నా ఇది?"

"శవాన్ని జూసొచ్చిన గదా. తానం చెయ్యాలె" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "తలకొరివి పెట్టినవు. నాయినా అనుకుంట ఏడ్చినవు. మంచిగనే చేసినవు. నీ పని అయిపోయింది బిడ్డా. ఇగ రేపు నేను నిజంగ పోయిన్నాడు నువ్వు పెట్టొద్దు. ఒక్క మనిషికి రెండుసార్లు పెట్టరు."

సంచిలో రెండు లుంగీలు, బీపీ మాత్రలు పెట్టుకుని బయల్దేరాడు. బస్సుల్లేవు, ఆపింది మేమే. ఆటోల్లేవు, ఆపింది మేమే. పొందుగుల వంతెన దాకా ఎండలో నడిచాడు. వంతెన దాటి అవతల ఊళ్ళో తమ్ముడింటి దాకా నడిచాడు. నా భార్య నన్ను చొక్కా పట్టుకుని గుంజింది. "పోయి కాళ్ళు పట్టుకుని తీసుకురావయ్యా" అని ఏడ్చింది.

"ఎక్కడికి పోతాడే, రెండ్రోజులు పోతే ఆయనే వస్తాడు" అన్నాను.

రాలేదు. సమ్మె ముగిసింది. రాష్ట్రం రెండైంది. ఏరు ఎండలేదు, వంతెన కూలలేదు. నా ఉద్యోగం పోలేదు. నేను మళ్ళీ మిర్యాలగూడ సర్వీసు ఎక్కాను.

ఎక్కిన కొద్ది రోజులకే ఆ స్టేజీలో నాన్న చెయ్యెత్తాడు. గళ్ళ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. మనిషి చిక్కాడు. తలుపు పక్క సీట్లో కూర్చుని, "మిర్యాలగూడ ఒకటి" అన్నాడు.

"నీకు టిక్కెట్టేంది నాన్నా" అన్నాను మెల్లగా.

"అందరికి కొట్టినట్టే కొట్టు."

కొట్టాను. తీసుకుని జేబులో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మిర్యాలగూడలో దిగి వెనక్కి చూడకుండా పోయాడు.

అప్పటినుంచి వారానికొకసారి, పది రోజులకొకసారి ఎక్కేవాడు. ఎప్పుడూ ఆ సీటే. ఎవరన్నా కూర్చుని ఉంటే కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడేవాడు. నేను అడుగుతాననే అనుకునేవాణ్ణి. తప్పైపోయింది నాన్నా, ఆ మాట వెనక్కి తీసుకో అని. పొద్దున డ్యూటీ ఎక్కేముందు నోట్లో ఆ మాటే తిప్పుకునేవాణ్ణి. ఆయన ఎక్కగానే బస్సునిండా జనం కనబడేవాళ్ళు. యాభైమంది ముందు ఎట్లా అడుగుతాం? నవ్వుతారని సిగ్గు. వందలమంది ముందు ఏడ్చినప్పుడు లేని సిగ్గు అప్పుడొచ్చింది. "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరుచుకుంటూ వెనక్కి పోయేవాణ్ణి.

ఇంట్లో నా భార్య రోజూ అడిగేది. "అడిగావా?"

"రేపు."

"ఆయన బతికుండగానే అడగవయ్యా. ఆ ఒక్క మాట ఆయన వెనక్కి తీసుకోకపోతే నువ్వు మనిషివి కాకుండా పోతావు."

ఒకసారి బస్సులో ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళు ఫోన్లో వార్త చూసి వాదించుకుంటున్నారు. ఎక్కడో సముద్రాల అవతల ఒక దేశం, తానున్న దేశాల కూటమి నుంచి బయటికి పోతానని ఓట్లు వేసుకుందట. పోవడం మంచిదని ఒకడు, మునిగిపోతారని ఇంకొకడు. వాళ్ళ పక్కనున్న ముసలాయన, "మనమూ ఇట్లాగే అరిచాంలే" అని నవ్వాడు. బస్సంతా ఏదో ఒకటి అంటోంది. నాన్న కిటికీలోంచి తల తిప్పకుండానే అన్నాడు.

"ఆడ గూడ తండ్రీకొడుకులు అన్నాల కాడ లేసిపోయుంటరు."

ఎవరికి చెప్పాడో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. నాకు దారి ఇచ్చాడు, అదీ తెలుసు. నేను టిక్కెట్ల మిషను నొక్కుకుంటూ ఉన్నాను. అందులో కాగితం అయిపోయిందని అబద్ధం చెప్పి డ్రైవరు దగ్గరికి పోయి నిలబడ్డాను.

ఈ మధ్యలో టీ కొట్టు దగ్గర ఎవడో ఒకడు ఆ పాత వీడియో తీసి చూపించేవాడు. "ఏం ఏడ్చావన్నా!" అని. నా గొంతు ఆ ఫోన్లోంచి బయటికొచ్చేది. "ఓ నాన్నా! మమ్మల్ని ఒదిలేసి పోతన్నావా నాన్నా!" నేను టీ సగంలో పారబోసి వచ్చేసేవాణ్ణి. పడుకున్నా, స్నానం చేస్తున్నా ఆ గొంతు చెవిలో మోగేది. ఇప్పటికీ మోగుతుంది.

ఒకరోజు ఆ స్టేజీలో నాన్న లేడు. నాన్న తమ్ముడి కొడుకు రోడ్డు మధ్యలోకొచ్చి రెండు చేతులూ ఎత్తాడు. "అన్నా, పెద్దనాయిన పోయిండు. తెల్లారగట్ల" అన్నాడు. డ్రైవరు నా చేతిలోంచి మిషను తీసుకుని "నువ్వు దిగన్నా, నేను చూసుకుంటా" అన్నాడు. దిగాను. నాన్న వెళ్ళిపోయాక ఆ స్టేజీలో నా కాలు నేల మీద పడటం అదే మొదటిసారి. స్టేజీ నుంచి బాబాయి ఇల్లు రెండొందల అడుగులు కూడా లేదు. ఆ సంగతీ నాకు ఆ రోజే గుర్తొచ్చింది.

నాన్నని చాప మీద పడుకోబెట్టారు. నా భార్యకి ఫోన్ చేశారు, వచ్చింది. పాడె లేచే వేళకి ఊళ్ళో వాదన మొదలైంది. కొడుకు ఎదురుగా ఉండగా తమ్ముడు కుండ పట్టడమేంది, ఊరికి మంచిది కాదని కొందరు. కొడుకు పెట్టొద్దు, తమ్ముడే పెట్టాలని పెద్దాయన నలుగురి ముందు చెప్పిండు గదా, ఆయన మాట కాదంటే ఎట్ల అని కొందరు. గొంతులు లేచాయి. బాబాయి మాత్రం నిప్పు కుండ చేత్తో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. నా కళ్ళలోకే చూస్తున్నాడు. ఎవరో అన్నారు, "కొడుకునే అడుగున్రి. నువ్వేమంటవు?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నోరు తెరవబోయాను. "ఓ నాన్నా" అనే మాట నాలుక మీదికొచ్చింది. అదే మాట, అదే రాగం. ఇప్పుడు నేను నోరు తెరిస్తే సెంటర్లో ఏడ్చిన ఏడుపే వస్తుంది. నాన్న దాన్ని రెండోసారి వినాలా? భయమేసింది. నోరు గట్టిగా మూసుకుని, తల అడ్డంగా ఊపాను. నాన్న మాటే కానివ్వండి అన్నట్టు చెయ్యి చూపించాను.

బాబాయి ఇంకాసేపు ఆగాడు. తర్వాత వెనక్కి తిరిగి పాడె ముందు నడిచాడు. నేను అందరిలో ఒకడిగా వెనక నడిచాను. ఆయన మూడు చుట్లు తిరిగాడు. ఆయన పెట్టాడు. నేను చూశాను.

స్నానాలయ్యాక బాబాయి నా పక్కన వచ్చి కూలబడ్డాడు. ముసలాయన, ఇంకా తడి బట్టల్తోనే ఉన్నాడు.

"మిర్యాలగూడల ఆయనకేం పనిరా?" అన్నాడు. "మందులు ఈడనే దొరుకుతయి. నీ బస్సు ఎక్కెటోడు, ఆడ దిగి, ఎదురు బస్సుల మళ్ళ వచ్చెటోడు. వచ్చినంక నేను అడిగెటోణ్ణి, ఏమన్న అన్నడా అని. లేదనెటోడు. ఇగ ఆఖరికి నాకు చెప్పిపెట్టిండు. ఆడు నోరు తెరిచి ఒక్క మాట అడిగితే కుండ ఆడికే ఇయ్యి, నేను బతికున్నప్పుడు అడిగినా సరే, పాడె కాడ అడిగినా సరే అని. అందుకే నీ ముంగటికి తెచ్చి నిలబడ్డరా. నువ్వు అడుగుతవేమోనని ఎంతసేపు నిలబడ్డ! నోరు తెరవకపోతివి."

నేను అప్పుడు ఏడ్చాను. గొంతు రాలేదు. ఎంత ప్రయత్నించినా గాలే వచ్చింది. బాబాయి వీపు నిమిరాడు. నా భార్య దూరం నుంచి చూసి తల తిప్పుకుంది.

ఇది జరిగి చానా ఏళ్ళయింది. సర్వీసు ఇంకా కొంత మిగిలి ఉంది. రోజూ వంతెన దాటుతాను. వాడపల్లి దాటాక నా చెయ్యి దానంతటదే బెల్లు తాడు దగ్గరికి పోతుంది. బస్సు ఆగుతుంది. దిగుతాను. తలుపు పక్క సీట్లో ఎవరున్నా ఆ క్షణంలో వాళ్ళ వంక చూడను.

కింద నిలబడి అడుగుతాను. పెదవులు కదులుతాయంతే, ఎవరికీ వినబడదు. లోపలినుంచి ఎవరో, "ఏంది కండక్టరూ, ఎవరన్నా ఎక్కేది ఉందా లేదా?" అని అరుస్తారు.

లేరని చెప్పి ఎక్కుతాను.